హాంకాంగ్ చూసొద్దాం.. ముందు పేరు సరిచూద్దాం

* 14 రోజుల లోపు పర్యటనకు వీసా అక్కర్లేదు.. ముందస్తు నమోదు మాత్రం తప్పనిసరి
* రేవు చుట్టూ ప్రణాళిక వేసుకుంటే మూడు రోజులు చాలు
* వేసవి సెలవుల కన్నా శీతకాలమే అనుకూలం

ఒక ఒడ్డున ఆకాశాన్నంటే భవనాలు, వాటి వెనుక పచ్చని కొండలు, ఎదుటి ఒడ్డున జనంతో కిక్కిరిసిన వీధులు, ఈ రెంటి నడుమ తీరిక లేకుండా పడవలు తిరిగే రేవు.. ఆసియాలోని ఓడరేవు నగరాల్లో హాంకాంగ్‌ది ప్రత్యేక స్థానం. ప్రయాణం అయిదారు గంటలే కావడంతో నాలుగైదు రోజుల సెలవు దొరికితే కుటుంబంతో వెళ్లి రావచ్చునన్న ఆలోచన చాలామందికి కలుగుతుంది. అయితే ‘హాంకాంగ్‌కు వీసా అక్కర్లేదు’ అన్న సగం మాట విని టికెట్లు కొనేవారికి మిగిలిన సగం విమానాశ్రయంలో తెలుస్తుంది. అప్పటికి దిద్దుకునే వ్యవధి ఉండదు. చిన్న పర్యటనలో ఒక రోజు పోయినా మూడో వంతు పోయినట్లే. కనుక బయలుదేరే ముందు ఏమి చూసుకోవాలి, అక్కడికి చేరాక ఏది ముందు, ఏది వెనుక అన్నది తెలిసి ఉండటం అవసరం.

పేరులో తేడా ఉంటే ఇక్కడే ఆపేస్తారు

భారత పాస్‌పోర్టు ఉన్నవారు 14 రోజులకు మించకుండా హాంకాంగ్‌లో పర్యటించేందుకు వీసా అవసరం లేదు. కానీ 2017 జనవరి 23 నుంచి ‘ముందస్తు నమోదు’ విధానం అమలులోకి వచ్చింది. హాంకాంగ్ ప్రభుత్వ ఇమిగ్రేషన్ విభాగం వెబ్‌సైటులో వివరాలు నింపితే సాధారణంగా అప్పటికప్పుడే ఫలితం తెలుస్తుంది. ఇందుకు రుసుం ఏమీ లేదు. ప్రభుత్వ వెబ్‌సైటును పోలిన పేర్లతో సొమ్ము వసూలు చేసే సైట్ల పట్ల జాగ్రత్తగా ఉండాలి. నమోదు ఖరారైతే వచ్చే పత్రాన్ని తెల్లని ఎ4 కాగితంపై ముద్రించుకుని, వివరాలు సరిచూసి, సంతకం చేసి పాస్‌పోర్టుతో పాటు ఉంచుకోవాలి. ఈ నమోదు ఆరు నెలల పాటు చెల్లుతుంది. ఆ గడువులో ఒకటికి మించి పర్యాయాలు వెళ్లి రావచ్చు. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. పిల్లలతో సహా కుటుంబంలోని ప్రతి ఒక్కరికీ విడివిడిగా నమోదు చేయాలి.

తెలుగువారికి చిక్కు ఎదురయ్యేది పేరు దగ్గరే. మన బడి ధ్రువపత్రాల్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో అదే పూర్తిగా విడమరచి ఉండవచ్చు. కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా రెండో గడిలోనే ఉంటుంది. వివాహం తర్వాత ఇంటిపేరు మారినా పాస్‌పోర్టు మార్చుకోని మహిళలు ఎందరో ఉన్నారు. నమోదులో గానీ, విమాన టికెట్‌లో గానీ వాడుకలో ఉన్న పేరు కాక, పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్లుగా అక్షరం పొల్లుపోకుండా రాయాలి. పుట్టిన తేదీ, పాస్‌పోర్టు సంఖ్య విషయంలోనూ ఇంతే. వివరాలు పాస్‌పోర్టుతో సరిపోలకుంటే ఆ నమోదు చెల్లదు. మన విమానాశ్రయంలోని కౌంటరు వద్దనే విమానయాన సంస్థ సిబ్బంది ప్రయాణాన్ని నిలిపివేస్తారు. పొరపాటు కనిపిస్తే వెంటనే సరైన వివరాలతో కొత్తగా నమోదు చేసుకోవాలి.

నమోదు దొరకని వారు నిరాశ చెందనక్కరలేదు. హాంకాంగ్ ఇమిగ్రేషన్ విభాగానికి నేరుగా సందర్శక వీసా కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. అన్ని పత్రాలూ అందాక దానికి సాధారణంగా నాలుగు వారాలు పడుతుంది. అందుకే నమోదు ఫలితం చేతికొచ్చాకే టికెట్లు, హోటల్ గదులు ఖరారు చేసుకోవడం వివేకం. నమోదు ఉన్నంత మాత్రాన ప్రవేశానికి హామీ లభించినట్లు కాదు. తిరుగు టికెట్, బస వివరాలు, ఖర్చులకు తగిన సొమ్ము ఉన్నట్లు ఆధారాలు అక్కడి అధికారులు అడిగితే చూపాల్సి ఉంటుంది. పాస్‌పోర్టుపై ముద్ర వేసే పద్ధతిని అక్కడ 2013లోనే విరమించారు. దానికి బదులుగా గడువు తేదీ ఉన్న చిన్న చీటీ ఇస్తారు. దానిని తిరిగి వచ్చే వరకు భద్రపరచుకోవాలి.

మధ్యలో మరో నగరంలో విమానం మారేవారు ప్రయాణమంతటికీ ఒకే టికెట్ తీసుకోవడం మేలు. రెండు వేర్వేరు టికెట్లయితే సామాను బయటకు తీసుకుని మళ్లీ అప్పగించాల్సి రావచ్చు. అందుకు ఆ దేశపు వీసా కావాల్సి రావచ్చు.

ఎప్పుడు వెళితే మేలు?

మన కుటుంబాలకు తీరిక దొరికేది వేసవి సెలవుల్లో. హాంకాంగ్‌లో మే నుంచి సెప్టెంబరు వరకు ఉక్కపోత, భారీ వర్షాలు ఉంటాయి. అక్టోబరు రెండో వారం నుంచి డిసెంబరు చివరి వరకు ఆకాశం తేటగా ఉండి, ఎండ తీవ్రత తగ్గుతుంది. కొండపై నుంచి రేవు స్పష్టంగా కనిపించేది ఈ రోజుల్లోనే. దసరా సెలవులు అక్టోబరులో వచ్చిన ఏడాది అనుకూలమే గానీ, అక్టోబరు 1 చైనా జాతీయ దినోత్సవం. ఆ వారమంతా చైనా నుంచి వచ్చే పర్యాటకులతో వీధులు నిండిపోతాయి, గదుల అద్దెలు పెరుగుతాయి. మే 1 సెలవుల్లోనూ ఇదే పరిస్థితి. సంక్రాంతికి వెళ్లేవారు స్వెటర్లు తీసుకెళ్లాలి. జనవరి చివర లేదా ఫిబ్రవరిలో వచ్చే చైనా నూతన సంవత్సర వేడుకలు చూడదగినవే అయినా ఆ రెండు మూడు రోజులు చిన్న దుకాణాలు, భోజనశాలలు చాలావరకు మూసి ఉంటాయి.

మూడు తర్వాత ఎనిమిదే!

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం రేవుల్లో ఎగురవేసే ప్రమాద సూచికల సంఖ్యలు తీర ప్రాంత వాసులకు చిరపరిచితం. హాంకాంగ్‌లోనూ ఇటువంటి సంఖ్యలే ఉన్నాయి. అయితే లెక్క వేరు. అక్కడ ఉన్నవి 1, 3, 8, 9, 10 మాత్రమే. 1973లో జరిగిన మార్పుతో మూడు తర్వాత నేరుగా ఎనిమిదికి వెళతారు. మూడో నంబరు ఎగిరినా నగరం దాదాపు మామూలుగానే నడుస్తుంది. ఎనిమిదో నంబరు ఎగిరితే పడవలు, బస్సులు ఆగిపోతాయి, దుకాణాలు మూతపడతాయి, విమానాలు రద్దవుతాయి. ఎనిమిదో నంబరు ఎగురవేయడానికి రెండు గంటల లోపు వాతావరణ కేంద్రం ముందస్తు ప్రకటన చేస్తుంది. ఆ వ్యవధిలో బసకు చేరుకోవడమే పర్యాటకులు చేయవలసిన పని. 2018లో మంగ్‌ఖుట్, 2023లో సావోలా తుపాన్ల సమయంలో అత్యున్నతమైన పదో నంబరు ఎగురవేశారు. వానకు పసుపు, ఎరుపు, నలుపు హెచ్చరికలు వేరుగా ఉంటాయి. నలుపు అంటే గంటకు 70 మిల్లీమీటర్లకు మించిన వాన. తుపాన్ల కాలంలో వెళ్లేవారు తిరిగి వచ్చాక ఉద్యోగంలో చేరడానికి ఒక రోజు వెసులుబాటు ఉంచుకోవాలి.

రేవు వల్లే నగరం

హాంకాంగ్ అంటే ‘సువాసనల రేవు’ అని అర్థం. 1842 నాంకింగ్ ఒప్పందంతో హాంకాంగ్ దీవి బ్రిటిష్ వారి వశమైంది. 1860లో ఎదుటి ఒడ్డున ఉన్న కౌలూన్ చేరింది. 1898లో ఉత్తరాన ఉన్న న్యూ టెరిటరీస్‌ను 99 ఏళ్లకు కౌలుకు తీసుకున్నారు. ఆ గడువు తీరడంతో 1997 జులై 1న మొత్తం ప్రాంతం చైనాకు దక్కి, ప్రత్యేక పాలనా ప్రాంతమైంది. సొంత నాణెం, సొంత సరిహద్దు తనిఖీలు కొనసాగుతున్నాయి. విస్తీర్ణం సుమారు 1,110 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు 75 లక్షలు. దీవికి, కౌలూన్‌కు నడుమ లోతైన, గాలుల నుంచి రక్షణ ఉన్న విక్టోరియా హార్బర్ ఉండటమే ఈ నగరం పుట్టుకకు కారణం. పర్యాటక ప్రణాళికకు కూడా ఈ రేవునే కేంద్రంగా పెట్టుకుంటే తిరుగుడు తగ్గుతుంది.

మొదటి రోజు: రెండు ఒడ్డులు

కౌలూన్ వైపు చిమ్ షా చుయ్ తీరం నుంచి మొదలుపెట్టడం మంచిది. 1915 నాటి గడియార స్తంభం ఇక్కడే ఉంది. ఒకప్పటి రైల్వే స్టేషను స్థలంలో మిగిలింది అదొక్కటే. పక్కనే ఉన్న ‘అవెన్యూ ఆఫ్ స్టార్స్’ సముద్రపు ఒడ్డు బాటపై బ్రూస్ లీ విగ్రహం ఉంది. పడవల రేవు నుంచి స్టార్ ఫెర్రీ ఎక్కితే పది నిమిషాల్లోపే ఎదుటి ఒడ్డున సెంట్రల్‌లో దిగవచ్చు. ఛార్జీ కొద్ది డాలర్లే. ఈ పడవల సంస్థకు పునాది వేసింది ఒక భారతీయుడు. పార్సీ వ్యాపారి దొరాబ్జీ నౌరోజీ 1888లో ప్రారంభించిన సంస్థే 1898లో స్టార్ ఫెర్రీగా మారింది. నగరాన్ని నీటి మీద నుంచి చూసేందుకు ఖరీదైన విహార నౌకలు అక్కర్లేదు, ఈ పడవ చాలు. పగలు ఒకసారి, దీపాలు వెలిగాక ఒకసారి ఎక్కితే రెండు నగరాలు చూసినట్లుంటుంది.

సెంట్రల్‌లో 1904 నుంచి నడుస్తున్న ట్రాములున్నాయి. రెండంతస్తుల ఈ ట్రాములో ఎంత దూరం వెళ్లినా ఒకటే ఛార్జీ. పైఅంతస్తు ముందు వరుసలో కూర్చుని వాన్ చాయ్ మీదుగా తూర్పుకు వెళితే బజార్లు, పాత మేడలు, కొత్త భవనాలు వరుసగా కనిపిస్తాయి. వెనుక ద్వారం నుంచి ఎక్కి, దిగేటప్పుడు ముందు డబ్బు చెల్లించాలి. కొండవాలు వీధుల్లోకి వెళ్లేందుకు 1993లో ఏర్పాటైన కదిలే మెట్ల వరుస సుమారు 800 మీటర్ల పొడవు ఉంటుంది. ఉదయం 10 గంటల వరకు కిందికి, ఆ తర్వాత రాత్రి వరకు పైకి నడుస్తుంది. ఎక్కడం ఇష్టం లేనివారు ఉదయం పూట వెళ్లరాదు.

రెండో రోజు: లాంటావ్ దీవి

ఉదయాన్నే మెట్రో రైలులో తుంగ్ చుంగ్ చేరుకుని, అక్కడి నుంచి తీగ మార్గంలో న్గాంగ్ పింగ్ వెళ్లాలి. 2006లో ప్రారంభమైన ఈ తీగ మార్గం పొడవు 5.7 కిలోమీటర్లు, ప్రయాణం సుమారు 25 నిమిషాలు. సముద్రం, విమానాశ్రయం, అడవి కింద నుంచి జారిపోతుంటాయి. మరమ్మతుల కోసం కొన్ని రోజులు మూసివేస్తారు. ఆ తేదీలను ముందే ప్రకటిస్తారు కనుక చూసుకోవాలి. మూసి ఉన్నా, ఎత్తుకు భయపడేవారున్నా తుంగ్ చుంగ్ నుంచి 23వ నంబరు బస్సు ఉంది. పైన పద్మాసనంలో ఉన్న కంచు బుద్ధ విగ్రహం ఎత్తు 34 మీటర్లు. 1993లో పూర్తయింది. పాదాల చెంతకు చేరాలంటే 268 మెట్లు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు కింది నుంచే దర్శించుకోవచ్చు. ఎదురుగా ఉన్న పో లిన్ మఠంలో శాకాహార భోజనం దొరుకుతుంది.

మూడో రోజు: కొండపై నుంచి రేవు

విక్టోరియా శిఖరానికి వెళ్లే పీక్ ట్రామ్ 1888 నుంచి నడుస్తోంది. 2022 ఆగస్టులో కొత్త పెట్టెలతో తిరిగి ప్రారంభమైంది. నిట్టనిలువుగా పైకి లాగే ఆ ప్రయాణం ఒక అనుభవమే గానీ శని, ఆదివారాల సాయంత్రం వరుసలు చాలా పొడవుగా ఉంటాయి. సెంట్రల్ నుంచి 15వ నంబరు బస్సులో తక్కువ ఖర్చుతో పైకి చేరి, తిరుగు ప్రయాణానికి ట్రామ్ ఎక్కవచ్చు. పైన టికెట్ పెట్టి చూపే మేడలున్నాయి. అయితే లుగార్డ్ రోడ్ అనే నడకదారిలో పావుగంట నడిస్తే అదే దృశ్యం ఉచితంగా కనిపిస్తుంది. సూర్యాస్తమయానికి గంట ముందు చేరితే పగటి రేవు, రాత్రి రేవు రెండూ చూడవచ్చు. మబ్బు కమ్మిన రోజు కొండపై ఏమీ కనిపించదు. కనుక ఈ కార్యక్రమాన్ని ఫలానా రోజని పట్టుబట్టక, మూడింటిలో ఆకాశం తేటగా ఉన్న సాయంత్రానికి మార్చుకోవాలి.

పిల్లలున్న కుటుంబాలు ఇక్కడే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. 2005లో ప్రారంభమైన డిస్నీల్యాండ్, 1977 నాటి ఓషన్ పార్క్.. రెండూ ఒక్కొక్కటి పూర్తి రోజు తీసుకుంటాయి. మూడు రోజుల్లో ఒక్కదానికే చోటుంది. దానిని ఎంచుకుంటే లాంటావ్ విగ్రహాన్ని గానీ, మరొకదాన్ని గానీ వదులుకోవలసిందే. మకావ్‌ను కూడా కలిపి చూపుతామనే ప్యాకేజీలు ఉన్నాయి. అక్కడికి వెళ్లడమంటే హాంకాంగ్ సరిహద్దు దాటడమే. పోను, రాను తనిఖీ వరుసల్లో గంటలు గడిచిపోతాయి. పక్కనే ఉన్న షెంజెన్ చైనా ప్రధాన భూభాగంలోనిది కనుక వీసా నిబంధనలు పూర్తిగా వేరు.

రాకపోకలు, బస

విమానాశ్రయం నుంచి ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ రైలు 24 నిమిషాల్లో హాంకాంగ్ స్టేషనుకు చేరుస్తుంది. ఎ21 బస్సు నాథన్ రోడ్ మీదుగా వెళుతుంది. సమయం ఎక్కువైనా ఛార్జీ రైలులో దాదాపు మూడో వంతే. సామాను పెట్టుకునే అరలు బస్సులోనూ ఉన్నాయి. దిగగానే ‘ఆక్టోపస్’ కార్డు తీసుకోవాలి. 1997లో మొదలైన ఈ కార్డుతో రైలు, బస్సు, ట్రాము, పడవ ఛార్జీలే కాక చిన్న దుకాణాల్లోనూ చెల్లించవచ్చు. చిల్లర తిరిగివ్వని బస్సుల్లో దీని విలువ తెలుస్తుంది.

బసకు నాథన్ రోడ్ పొడవునా ఉన్న చిమ్ షా చుయ్, జోర్డాన్, యావ్ మా తే ప్రాంతాలు అనుకూలం. మెట్రో స్టేషన్లు, పడవల రేవు దగ్గరలో ఉంటాయి. గదులు మన ఊహకన్నా చాలా చిన్నవి. ముగ్గురు, నలుగురు ఉన్న కుటుంబాలు గది విస్తీర్ణం చూసుకోకుండా ఖరారు చేయరాదు. 2025 జనవరి 1 నుంచి గది అద్దెపై 3 శాతం పన్ను తిరిగి అమలులోకి వచ్చింది. చూపిన అద్దెలో అది కలిసి ఉందో లేదో అడగాలి.

కూరగాయల్లోనూ ఆల్చిప్పల రసం

శాకాహారులు చైనా భోజనశాలల్లో ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు. ఉడికించిన ఆకుకూరల మీద కూడా ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ పోయడం అక్కడ మామూలు. బౌద్ధ శాకాహార భోజనశాలలను ఆశ్రయించడం శ్రేయస్కరం. 1961 నాటి చుంగ్‌కింగ్ మాన్షన్స్ భవనంలోను, చుట్టుపక్కల వీధుల్లోను భారతీయ భోజనశాలలు ఎన్నో ఉన్నాయి. వాన్ చాయ్‌లోని 1901 నాటి సిక్కు గురుద్వారా, నాథన్ రోడ్‌లోని కౌలూన్ మసీదు అక్కడ భారతీయుల పాత ఉనికికి గుర్తులు.

డబ్బు, నిబంధనలు

హాంకాంగ్ డాలరును 1983 నుంచి అమెరికా డాలరుతో ముడిపెట్టారు. ఒక అమెరికా డాలరుకు సుమారు 7.8 హాంకాంగ్ డాలర్లు. నోట్లను మూడు బ్యాంకులు ముద్రిస్తాయి కనుక ఒకే విలువ గల నోట్లు మూడు రకాల బొమ్మలతో కనిపిస్తాయి. దొంగనోటని కంగారు పడనక్కరలేదు. విమానాశ్రయంలో అవసరమైనంత మాత్రమే మార్చుకుని, మిగిలినది నగరంలో రెండు మూడు చోట్ల ధర అడిగి మార్చుకోవాలి. అమ్మకపు పన్ను లేదు కాబట్టి తిరిగి వచ్చే సొమ్మూ ఉండదు.

రోడ్డుపై చెత్త వేసినా, ఉమ్మినా 3,000 డాలర్ల జరిమానా తప్పదు. 2023 అక్టోబరులో ఈ మొత్తాన్ని రెట్టింపు చేశారు. మెట్రో రైళ్లలో తినడం, తాగడం నిషేధం. ఈ-సిగరెట్లను వెంట తీసుకెళ్లడాన్ని 2022 ఏప్రిల్ 30 నుంచి నిషేధించారు. పచ్చి మాంసం, గుడ్లు ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా తీసుకెళ్లరాదు.

బయలుదేరే ముందు సరిచూసుకోండి

* పాస్‌పోర్టు, ముందస్తు నమోదు, విమాన టికెట్.. మూడింటిలో పేరు ఒక్కలాగే ఉందా?
* కుటుంబంలో ప్రతి ఒక్కరి నమోదు పత్రం ముద్రించారా, సంతకం చేశారా?
* తిరుగు టికెట్, హోటల్ వివరాలు కాగితంపై ఉన్నాయా?
* తీగ మార్గం మూసివేసే తేదీలు, తుపాను సూచనలు చూశారా?
* మూడు చదరపు పుల్లల ప్లగ్గుకు సరిపడే అడాప్టరు, పెద్దల మందులు, వైద్యుని చీటీ పెట్టుకున్నారా?
* అక్కడి అత్యవసర నంబరు 999 అని రాసుకున్నారా? భారత కాన్సులేట్ జనరల్ కార్యాలయం అడ్మిరల్టీ ప్రాంతంలో ఉంది.

అక్కడ సమయం మనకన్నా రెండున్నర గంటలు ముందు. గడియారం మార్చుకోవడం మరిచినా ఎవరో ఒకరు చెబుతారు. పాస్‌పోర్టుకు, నమోదుకు నడుమ ఒక్క అక్షరం తేడాను మాత్రం ఇంట్లో కూర్చున్నప్పుడే పట్టుకోవాలి.